రాజులు లేని సీమ: ఇక్వువానో

ఆఫ్రికా ఖండమున నైజీరియా దేశపు ఆగ్నేయ భాగము ఇగ్బో ప్రజల నివాసభూమి. అచ్చటి అబియా రాష్ట్రమున ఇక్వువానో అను స్థానిక పరిపాలనా మండలము కలదు. పరిమాణమున మన తాలూకాతో పోల్చదగినది. ‘ఇక్వు’ అనగా బంధుకూటమి, ‘అనో’ అనగా నాలుగు. ఒబోరో, ఇబెరె, ఒలోకో, అరియామ్-ఉసాకా అను నాలుగు తెగలు కూడినందున ఆ పేరు వచ్చినది. 1991లో ప్రత్యేక మండలమైనది. ఇసియాలా ఒబోరో దాని ముఖ్యస్థానము. దేశపటమున వెదకి పట్టుకొనవలసిన యీ పల్లెసీమలోనే 1929లో ఒక వితంతువు ఒక ఉద్యోగి నడిగిన ప్రశ్న, ఆంగ్ల ప్రభుత్వము ఇగ్బో సీమపై మోపిన పరిపాలనా పద్ధతిని కూలద్రోసినది.

ఇగ్బో జనులలో అధికభాగమునకు రాజులు లేరు. ఒనిత్షా, న్రి వంటి కొన్ని చోట్ల రాజపదవి యున్నను, ఇక్వువానో వంటి ప్రాంతములలో ఊరే రాజ్యము. ఒక మూలపురుషుని సంతతివారు ‘ఉమున్నా’ అను కూటమిగా నుందురు. వారిలో పెద్దవాడు పూర్వులనుండి సంక్రమించిన ‘ఒఫో’ అను పవిత్రదండమును ధరించును. అతని మాటకు గౌరవము కలదు గాని, అతని మాటయే శాసనము కాదు. ఏ సంగతియైనను ఊరి బయలులో కూడి, మాట్లాడదలచిన వారందరు మాట్లాడిన పిమ్మటనే నిశ్చయింపబడును. అతిథి వచ్చినచో ముందుగా కోలా కాయ తెచ్చి, పెద్దవాడు ప్రార్థించి పగులగొట్టి పంచవలెను. ఎకె, ఒరియె, అఫో, న్‌క్వో అను నాలుగు దినములే వారి వారము. ఆ దినముల పేరనే సంతలు సాగును. పెండలము వారి ప్రధానమైన పంట, పురుషుని ప్రతిష్ఠకు కొలబద్ద. క్రొత్త పెండలము ఇంటికి వచ్చినపుడు జరుపు పండుగకు ముందు దానిని తినరాదను నియమము కలదు.

స్త్రీలకును వేరుగా సభలు గలవు. పుట్టింటి ఆడపడుచుల కూటమి ‘ఉముఆదా’. మెట్టినింటి కోడండ్రది మరియొక కూటమి. ఆడపడుచుల మాటకు అన్నదమ్ములు జంకుట మన యిండ్లలోను ఎరుగని సంగతి కాదు. ఎవడైనను భార్యను హింసించినను, సంతకట్టు మీరినను స్త్రీలందరు గుంపుగా వాని యింటి ముంగిట చేరుదురు. వాని తప్పులను పాటలుగా కట్టి పాడుదురు. రోకళ్లతో గోడలను మోదుదురు. అవసరమైనచో ఇంటికప్పు ఊడదీయుదురు. వాడు తప్పొప్పుకొనువరకు కదలరు. దీనిని ‘మగవానిపై కూర్చుండుట’ అని చరిత్రకారులు వ్యవహరించిరి.

ఆంగ్లేయులకు ఈ వ్యవస్థ బోధపడలేదు. పన్ను ఎవరిద్వారా వసూలు చేయవలెను, ఆజ్ఞ ఎవరికి పంపవలెను అన్నదే వారి ప్రశ్న. సంస్థానాధిపతులను నిలిపి వారి వెనుకనుండి పాలించు విధానము వారికి హిందూదేశమున పరిచితమే. నైజీరియాలో దానికి గొప్ప ప్రచారకుడైన లుగార్డు 1858లో చెన్నపట్నపు సెయింట్ జార్జి కోటలో జన్మించినవాడు. ఉత్తర నైజీరియాలో అమీరు లుండిరి గనుక అచ్చట పని జరిగినది. ఇగ్బో సీమలో అధిపతులు లేనందున, వారిని కాగితముపై సృష్టించిరి. ‘వారెంటు’ అను నియామకపత్రము పొందినవాడు అధిపతి. వాడు న్యాయస్థానమున కూర్చుండును, జనులచే వెట్టిచాకిరీ చేయించును. పత్రము నిచ్చినది ప్రభుత్వము, తీసివేయగలది ప్రభుత్వమే. ఊరికి వానిపై ఏ అధికారమును లేదు. రాజు లేని ఊరికి రాజు వచ్చుట ఒక కష్టము, ఊరు ఎన్నడు నెరుగని విధముగా వచ్చుట అంతకు మించిన కష్టము.

1926లో పురుషులను లెక్కించిరి. ఇది పన్నుకొరకు కాదని నమ్మబలికిరి. 1928లో పన్ను వచ్చినది. తరువాతి సంవత్సరము బెండె విభాగమునకు తాత్కాలికాధికారిగా వచ్చిన కెప్టెన్ కుక్, పాత లెక్కలు అసమగ్రములని తలచి, భార్యలను, పశువులను గూడ చేర్చి మరల లెక్కింప నాజ్ఞాపించెను. కార్యాలయదృష్టితో చూచిన నిది దోషమేమియు లేని ఉత్తరువు. లెక్కల పుస్తకము చంకబెట్టుకొని ఇంటింటికి తిరిగిన ఉద్యోగులు మన పాఠకులలోను ఉందురు. అసమగ్రమైన పట్టీ ఎంత చికాకో వారికి తెలియును. కాని లెక్క వెనుక పన్ను వచ్చునని ఇగ్బో స్త్రీ లొకసారి చూచి యుండిరి. అది పామాయిలు ధర పడిపోయిన సంవత్సరము. నూనె భర్తది, గింజ భార్యది అను ఏర్పాటున్న ఆ సీమలో గింజలమ్మిన డబ్బే ఆమె సొంత ఆదాయము.

ఒలోకోలో వారెంటు అధిపతి ఒకుగో. లెక్కించుటకు మార్కు ఎమెరెయువా అను ఉపాధ్యాయుని అతడు నియమించెను. నవంబరు మాసమున ఒక ఉదయము ఉపాధ్యాయుడు న్వాన్యెరువా అను వితంతువు ముంగిటికి వచ్చెను. ఆమె నూనె పిండుచుండెను. మేకలను, గొఱ్ఱెలను, మనుష్యులను లెక్కించుమని అతడనగా, నీ తల్లిని లెక్కించితివా యని ఆమె అడిగెను. మాట పెరిగి పెనుగులాట యయ్యెను. ఆమె నూనె చేతులతోనే పరుగెత్తి స్త్రీల సభకు చెప్పెను.

పామాయిలు చెట్టు లేతాకులు ఊరూరికి పోయినవి. ఆ ఆకు అందుకొన్న ఊరు మరియొక ఊరికి పంపవలెను. వేలకొలది స్త్రీలు ముఖములకు మసి పూసికొని, ఆకులు చుట్టిన కఱ్ఱలతో ఒలోకో చేరి ఒకుగోపై ‘కూర్చుండిరి’. ఇకొన్నియా, న్వాన్నెదియా, న్వుగో అను ముగ్గురు స్త్రీలు వారికి నాయికలై, మాట మీరకుండ గుంపులను నడిపిరి. స్త్రీలపై పన్ను లేదని వ్రాతమూలకముగా కోరిరి. ఒకుగో పదవికి చిహ్నమైన టోపీ ఊడినది; విచారణ జరిగి రెండు సంవత్సరముల కారాగారశిక్ష పడినది.

కథ అంతటితో ఆగియున్న బాగుండెడిది. వార్త దక్షిణమునకు ప్రాకి ఓవెరి, కలబార్ మండలముల నాక్రమించినది. న్యాయస్థానములు తగులబడినవి. డిసెంబరులో ఉటు ఎటిమ్ ఎక్పో, ఓపోబో మున్నగు చోట్ల సైనికులు నిరాయుధులపై కాల్చిరి. ఏబదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. స్త్రీల చేతిలో ఒక్క అధికారియు చావలేదు. ప్రభుత్వ పత్రములలో దీనిపేరు ‘ఆబా అల్లరులు’. ఇగ్బోవారి మాటలో ‘ఒగు ఉమున్వాన్యి’, అనగా స్త్రీల యుద్ధము. ఏ పేరు న్యాయమో కాల్పుల లెక్కయే చెప్పుచున్నది.

మొదటి విచారణ తూతూమంత్రముగా ముగిసినది. 1930లో రెండవ సంఘమునందు ఇద్దరు లాగోసు న్యాయవాదులను గూడ చేర్చి, స్త్రీల సాక్ష్యములను తీసికొనిరి. చదువురాని స్త్రీలు పరిపాలన నెట్లు అనుభవించిరో వారి నోటనే నమోదైన అపురూపపు దస్త్రమది. ఊళ్లు ఎట్లు తమను తాము పాలించుకొనుచున్నవో తెలిసికొనుటకు అధికారులు ఆ పిమ్మట గాని బయలుదేరలేదు. 1933 చట్టముతో వారెంటు అధిపతుల పద్ధతి తొలగి, ఊరి కూటముల పెద్దలతో న్యాయస్థానము లేర్పడినవి. స్త్రీలకు వానిలో దక్కిన చోటు మాత్రము మిక్కిలి స్వల్పము.

1967–70 అంతర్యుద్ధమున ఈ ప్రాంతము బయాఫ్రాలో భాగమై, చేరువనున్న ఉముఆహియా కొంతకాలము దానికి రాజధానిగా నుండి, మిక్కిలి బాధల ననుభవించినది. మండలములోని ఉముదికెలో 1923లో స్థాపించిన వ్యవసాయక్షేత్రము నేడు పెండలము, కర్రపెండలము మున్నగు దుంపపంటల జాతీయ పరిశోధనాసంస్థ. న్వాన్యెరువా పిండిన నూనె నిచ్చు చెట్టు ఇప్పుడు మన పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతపు తోటలలోను పెరుగుచున్నది.

1976 సంస్కరణలతో స్థానిక మండలములు ఏర్పడిన పిమ్మట, ప్రతి గ్రామసముదాయమునకు ‘ఎజె’ అను అధిపతిని గుర్తించు పద్ధతి వచ్చినది. ఎజెను సముదాయము ఎన్నుకొనును. ప్రభుత్వము గుర్తింపు పత్రము నిచ్చును. ఆ పత్రముకొరకు ఊళ్లలో వివాదములు, వ్యాజ్యములు లేకపోలేదు. ఆడపడుచుల కూటములు నేటికిని కూడుచున్నవి.