పోయిన అవకాశానికి వెల ఎంత?

ఛాతీ నొప్పి, తగ్గని దగ్గు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన ఆసుపత్రి చుట్టూ తిరిగితే దగ్గు మందు రాసి పంపారు. 1975లో వేరే డాక్టరు చూశాక ఊపిరితిత్తుల క్యాన్సరని తేలింది. 1977లో ఆయన చనిపోయాడు, భార్య కోర్టుకెక్కింది. మొదట్లోనే గుర్తించి ఉంటే అయిదేళ్లు బతికే అవకాశం నూటికి 39 పాళ్లు. ఆలస్యంతో అది 25కి పడిపోయింది.

కింది కోర్టు దావా కొట్టేసింది. 39 అంటే సగానికి తక్కువ, రోగి ఎలాగూ దక్కేవాడు కాడన్నది దాని లెక్క. ఆ లెక్కన 51 పాళ్ల అవకాశమున్న రోగికి పూర్తి పరిహారం, 49 పాళ్లున్న రోగికి సున్నా. జబ్బు ముదిరిన మనిషి విషయంలో డాక్టరు ఎంత నిర్లక్ష్యం చేసినా అడిగే నాథుడుండడు. ఈ అన్యాయాన్నే ఎత్తిచూపి, 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ దావాను బతికించింది.

అవకాశానికి వెల కట్టడం కోర్టులకు కొత్తేమీ కాదు. నటుడు సీమోర్ హిక్స్ పెట్టిన అందాల పోటీలో చివరి 50 మందిలో నిలిచిన ఒక యువతికి, కబురు ఆలస్యంగా అంది ఎంపిక తప్పిపోయింది. ఆమె గెలిచేదో లేదో ఎవరికీ తెలియదు. అయినా 1911లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఆమెకు దక్కిన 100 పౌండ్ల పరిహారాన్ని ఖాయం చేసింది.

అదే దేశంలో 2005లో క్యాన్సర్ రోగికి ఆ న్యాయం దొరకలేదు. చంకలో గడ్డ చూపించుకుంటే కొవ్వు గడ్డేనని డాక్టరు తేల్చేశాడు. అసలు జబ్బు లింఫోమా. పదేళ్లు జబ్బు లేకుండా బతికే అవకాశం 42 పాళ్ల నుంచి 25కి తగ్గింది. అప్పట్లో ఆఖరి అప్పీలు వినే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ముగ్గురు జడ్జీలు ఆయనకు వ్యతిరేకంగా, ఇద్దరు అనుకూలంగా నిలిచారు. సగానికి పైనున్న ఆశ పోయినా, సగానికి లోపున్న ఆశ పోయినా రోగికి అది నిజమైన నష్టమేనని ఆ ఇద్దరిలో ఒకరైన లార్డ్ నికోల్స్ వాదించారు. ఆయన మాటే సరైనదనిపిస్తుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర కోర్టు 2008లో ఆ దారే పట్టింది. గుండెల్లో మంటని వచ్చిన రోగికి కడుపు క్యాన్సర్ సకాలంలో కనిపెట్టలేదు. మరణానికి కట్టిన వెల 8,75,000 డాలర్లు, పోయిన అవకాశం 37.5 శాతం, ఆ పద్దు కింద దక్కినది 3,28,125 డాలర్లు.

ఆలస్యం మింగేది ప్రాణాన్నే కాదు, దావా గడువును కూడా. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక తల్లికి 2010లో తీసిన ఎక్స్‌రేలో అనుమానించదగ్గ గడ్డ కనిపించినా, ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2012లో సంగతి బయటపడేసరికి, ప్రభుత్వ ఆసుపత్రిపై దావాకు ఉన్న 15 నెలలూ గడిచిపోయాయి. మరుసటి ఏడాది ఆమె మరణించింది. ఆమె పేరుతో 2018లో న్యూయార్క్‌లో లావెర్న్ చట్టం వచ్చింది. క్యాన్సర్‌ను గుర్తించని కేసుల్లో గడువు ఇప్పుడు తప్పు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, మొత్తంగా ఏడేళ్లకు మించకుండా.

మన దేశంలో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. పైకి కనిపించని హాని అయితే, తెలిసిన నాటి నుంచే గడువు లెక్కించవచ్చని 2010లో అదే కోర్టు చెప్పింది. ఏది ఎప్పుడు తెలిసిందో నిరూపించేవి పాత ఎక్స్‌రేలు, రిపోర్టులే. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.