అమెరికా విశ్వవిద్యాలయాలలో ఉన్నత విద్య: గుర్తింపు పరిశీలన, వీసా నిబంధనలు

అమెరికాలో విద్యనభ్యసించే విదేశీ విద్యార్థులలో భారతీయుల సంఖ్య 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602కు చేరింది. చైనాను అధిగమించి భారతదేశం ప్రథమ స్థానంలో నిలిచింది. వీరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యార్థులు గణనీయ సంఖ్యలో ఉన్నారు. 2008లో హైదరాబాద్ లోని పైగా ప్యాలెస్ లో ప్రారంభమైన అమెరికా కాన్సులేట్ జనరల్ కార్యాలయం 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని నూతన భవనానికి మారింది.

అధిక శాతం విద్యార్థులు పేరున్న సంస్థలలో చేరి, చదువు పూర్తి చేసుకొని స్థిరపడుతున్నారు. అయితే 2011, 2019 సంవత్సరాలలో జరిగిన రెండు ఘటనలు వందలాది తెలుగు కుటుంబాలను ఆందోళనకు గురిచేశాయి. ఈ నేపథ్యంలో, ప్రవేశం పొందే ముందు విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన అంశాలను ఈ దిగువ పొందుపరచడమైనది.

ట్రైవ్యాలీ ఉదంతం

కాలిఫోర్నియా రాష్ట్రం ప్లెజంటన్ పట్టణంలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు 2011 జనవరిలో మూసివేశారు. అప్పటికి అందులో నమోదైన సుమారు 1,500 మందిలో అత్యధికులు భారతీయులు. వారిలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే ఎక్కువ. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్ పట్టణంలోని ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో నివసిస్తున్నట్లు రికార్డులలో చూపబడింది. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పరికరాలు అమర్చగా, భారత ప్రభుత్వం తీవ్ర అభ్యంతరం తెలిపింది. అనంతరం కొందరికి ఇతర విశ్వవిద్యాలయాలకు మారే అవకాశం లభించింది. సంస్థ అధినేతపై వీసా మోసం తదితర 31 అభియోగాలు రుజువు కాగా, 2014 అక్టోబరులో న్యాయస్థానం 16 సంవత్సరాలకు పైగా జైలు శిక్ష విధించింది.

ఫార్మింగ్టన్ ఉదంతం

మిచిగాన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్ లో నెలకొల్పబడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వీసా మోసాలను వెలికితీయుటకు అమెరికా ప్రభుత్వ అధికారులే రహస్యంగా నడిపిన సంస్థ. అందులో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. 2019 జనవరి నెలాఖరులో జరిగిన దాడులలో తొలుత అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. కమీషన్ తీసుకొని విద్యార్థులను చేర్పించిన 8 మంది మధ్యవర్తులపై కేసు నమోదు కాగా, వారందరూ నేరం అంగీకరించి శిక్ష పొందారు. వాషింగ్టన్ లోని భారత రాయబార కార్యాలయం విద్యార్థుల కొరకు 24 గంటల సహాయ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది.

ఈ విద్యార్థులు అక్రమంగా ఆ దేశంలో ప్రవేశించినవారు కారు. వేరే విశ్వవిద్యాలయాల ద్వారా చట్టబద్ధంగా వెళ్లి, అనంతరం ఇందులోకి బదిలీ అయినవారు. చదువు ముగిసిన పిమ్మట లభించే ఉద్యోగానుమతి గడువు తీరిపోవుట, ఏటా 85,000కు పరిమితమైన హెచ్-1బీ వీసా లాటరీలో ఎంపిక కాకపోవుట, భారతదేశంలో తెచ్చిన విద్యారుణం తీర్చవలసి యుండుట వంటి కారణాలు అనేకులను ఇటువంటి సంస్థల వైపు నెడుతున్నాయి. మొదటి రోజు నుండే పూర్తికాలపు ఉద్యోగం చేసుకోవచ్చునన్నదే వీరికి చూపబడే ప్రధాన ఆకర్షణ.

రెండు గుర్తింపులు

విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చే అనుమతి ఒకటి. ఈ అనుమతి కలిగిన సంస్థే ఐ-20 పత్రాన్ని జారీ చేయగలదు. విద్యా ప్రమాణాలను పరిశీలించి అక్రెడిటేషన్ సంస్థలు ఇచ్చే గుర్తింపు రెండవది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. ట్రైవ్యాలీకి ఐ-20 జారీ చేసే అనుమతి ఉన్నను, అది మోసపూరితంగా పొందినదని తేలింది. ఫార్మింగ్టన్ పేరు అధికారిక జాబితాలో సైతం కనిపించేది. కావున జాబితాను చూచుటతో పరిశీలన ముగియదు. తరగతుల కాలపట్టిక, అధ్యాపకుల వివరాలు, పాఠ్యప్రణాళిక, పరీక్షా విధానం, ప్రస్తుతం చదువుతున్న విద్యార్థుల అనుభవం ఇవన్నీ విచారించవలసి ఉంటుంది.

ముఖ్యమైన వీసా నిబంధనలు

ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థులకు వర్తించే నిబంధనలలో ముఖ్యమైనవి:

1. కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజులకు మించి ముందుగా అమెరికాలో ప్రవేశించరాదు.

2. ప్రతి సెమిస్టరులో పూర్తికాలపు విద్యార్థిగా నమోదు కావలెను. సాధారణంగా ఒక ఆన్‌లైన్ కోర్సు మాత్రమే ఈ లెక్కలోకి వస్తుంది.

3. తరగతులు జరిగే కాలంలో ప్రాంగణంలోని ఉద్యోగం వారానికి 20 గంటలకు మించరాదు. అనుమతి లేకుండా బయట పనిచేయుట నిషిద్ధం.

4. పాఠ్యాంశంలో భాగమైన శిక్షణ (సీపీటీ) సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయిన పిమ్మటే లభిస్తుంది. పూర్తికాలపు సీపీటీని 12 నెలలు వినియోగించుకున్నవారు, అదే స్థాయి చదువుపై తదుపరి లభించే ఓపీటీ అర్హతను కోల్పోతారు.

5. ఓపీటీ గడువు 12 నెలలు. సైన్స్, ఇంజనీరింగ్, గణిత శాస్త్రాల పట్టభద్రులకు 2016 నుండి మరి 24 నెలల పొడిగింపు అమలులో ఉంది.

6. చిరునామా మారిన 10 రోజులలోపు విశ్వవిద్యాలయానికి తెలియజేయవలెను.

నిబంధనల ఉల్లంఘన వలన విద్యార్థి హోదా రద్దయినచో, పునరుద్ధరణకు సాధారణంగా 5 నెలల లోపు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. అనుమతి లేని ఉద్యోగం చేసినవారికి ఈ అవకాశం వర్తించదు. దేశం నుండి పంపివేయబడినవారికి తిరిగి వీసా లభించుట కష్టతరమవుతుంది.

సలహా, సహాయం

అమెరికా ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రాల ద్వారా హైదరాబాద్ లో ప్రవేశాలపై సమాచారం పొందవచ్చును. విశ్వవిద్యాలయాల నుండి కమీషన్ పొందే ప్రైవేటు కన్సల్టెన్సీల సూచనలను ఆ సంస్థ వెబ్‌సైట్ తోనూ, ప్రవేశాల కార్యాలయంతోనూ నేరుగా సరిచూసుకొనుట శ్రేయస్కరం. రుసుమును విశ్వవిద్యాలయ ఖాతాకే చెల్లించి, రసీదులను, హాజరు రికార్డులను, అధికారులతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను భద్రపరచుకోవలెను. విచారణ ఎదురైనప్పుడు విద్యార్థి నిజాయితీకి ఇవే ఆధారాలు.

విదేశాలలోని విద్యార్థులు తమ వివరాలను విదేశాంగ మంత్రిత్వ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్ లో నమోదు చేసుకోవచ్చును. ఇబ్బందులు తలెత్తినప్పుడు వాషింగ్టన్ లోని రాయబార కార్యాలయాన్ని గాని, న్యూయార్క్, చికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటెల్ నగరాలలోని భారత కాన్సులేట్లను గాని సంప్రదించవచ్చును. అదుపులోకి తీసుకొనబడిన భారతీయులు తమ కాన్సులేట్ కు సమాచారం అందజేయవలసిందిగా కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కలిగి ఉన్నారు.