ఎడమ చక్రానికి ఎడమ మర: బండి చీల నుంచి జీపు నట్టు దాకా

మన తాడిపత్రి పల్లెల్లో పాత బండికి రిటైర్మెంటు లేదు. ముప్పై, నలభై ఏళ్ళ ట్రాక్టరు ఇంకా సేద్యం చేస్తానే ఉంటుంది. ఇంకో చోటైతే ఎప్పుడో పాత ఇనుము కింద పోయే జీపు మన దగ్గర బుడ్డలు పీకే కూలీలను ఎక్కించుకుని చేనికి పోతుంటుంది. నాపరాళ్ళు మోసే ట్రాలీల సంగతి చెప్పే పనే లేదు. ఇంజిను మొరాయిస్తే బండి దారిలో నిలబడుతుంది, అంతే. చక్రం ఊడితే మాత్రం వెనక కూర్చున్న మనుషుల ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఈసారి చక్రాల నట్ల గురించి రాస్తున్నా.

బిగించేది ఎట్లో చెప్పక చరిత్ర ఎందుకప్పా అంటారేమో. పాత బండిలో ఒక్కో నట్టు ఒక్కో దేశంలో, ఒక్కో కాలంలో పుట్టింది. అది తెలియకుండా పానా వేస్తే స్టడ్డు తెగుతుంది, లేదంటే బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది.

మొదట ఎద్దుల బండి సంగతి. ఇరుసు చివర బెజ్జం, అందులో ఒక చీల. చక్రాన్ని ఊడిపోకుండా ఆపేది అదొక్కటే. ఊరి చింతల వెంకటరమణ స్వామి గుళ్ళో గరుడ మండపాన్ని రాతి రథంలా చెక్కారు కదా, పెమ్మసాని నాయకుల కాలంలో, 16వ శతాబ్దంలో. అప్పటి బండ్లకైనా, మన తాతల బండ్లకైనా ఏర్పాటు ఒకటే. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. చీల చక్రాన్ని బిగించదు, ఊరికే అడ్డం నిలబడుతుంది. చక్రం ఇరుసు మీద కొంచెం అటూ ఇటూ ఆడాలి. ఆడకపోతే కందెన లోపలికి పోదు, కట్టె రాసుకుని కాలుతుంది. ఆ ఆట వల్లనే బండి లొడలొడమంటుంది. ఆ చప్పుడు మారితే తోలేవాడు దిగి చీల చూసుకునేవాడు. అంటే వదులు అనేది ఆ కాలంలో తప్పు కాదు, పద్ధతే.

తరువాత రబ్బరు టైర్ల బండ్లొచ్చాయి, మనం డన్లప్ బండి అంటాం. వాటితో పాటే రిమ్ము, డ్రమ్ము, స్టడ్లు, నట్లు ఎద్దుల వెనక్కి వచ్చాయి. పని చీలకు పూర్తిగా తిరగబడింది. ఇక్కడ రిమ్ము డ్రమ్ముకు అతుక్కుని ఉండాలి, వెంట్రుకంత ఆట కూడా ఉండకూడదు. బరువును మోసేది స్టడ్డే అని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది రిమ్ముకూ డ్రమ్ముకూ మధ్య ఒరిపిడి. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రవ్వంత సాగుతుంది. సాగిన స్ప్రింగు వెనక్కి లాగినట్టు రిమ్మును డ్రమ్ముకు అదిమి పెడుతుంది. ఆ లాగుడు తగ్గిందంటే రిమ్ము కదలడం మొదలై స్టడ్డు అటూ ఇటూ వంగుతుంది. వైరును పది సార్లు వంచితే ఏమవుతుందో మీకు తెలుసు, స్టడ్డుకూ అదే గతి. పైగా ఇది చీల మాదిరి ముందుగా చప్పుడు చేయదు. చప్పుడు వినిపించేసరికి బెజ్జాలు తినేసి ఉంటాయి.

ఇక మరల సంగతికొద్దాం. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మరలకు ఒక లెక్క పెట్టాడు. అంతకు ముందు ఒక్కో కార్ఖానాది ఒక్కో కొలత. ఒక చోట చేసిన బోల్టుకు ఇంకో చోటి నట్టు ఎక్కేది కాదు. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మర పెట్టాడు. అరంగుళం బోల్టుకు విట్‌వర్త్‌లో అంగుళానికి 12 చుట్లు, అమెరికా ముతక మరలో 13. చూపుకు రెండూ ఒకటే! రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సామాను అమెరికా బోల్టుకు పట్టక తిప్పలు పడ్డారు. అందుకే 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే మరకు ఒప్పుకున్నాయి.

ఆ యుద్ధం నుంచి వచ్చిన బండే మన జీపు. 1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశం జీపుల్లో ఒక చిత్రం ఉంది. కుడి చక్రాల నట్లు మామూలు మర, ఎడమ చక్రాలవి ఎడమ మర. పాత లారీల్లోనూ ఇది చూడొచ్చు. ఎందుకంటే, బండి ఎడమ పక్కన నిలబడి చూస్తే ముందుకు పోయే చక్రం గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. మామూలు నట్టు విప్పేది కూడా ఆ దిక్కుకే. పోయేకొద్దీ నట్టు తనంతట తానే వదులైపోతుందేమో అని, ఎడమ పక్క మరనే తిప్పేశారు. సైకిలు ఎడమ పెడలుకు ఎడమ మర ఉండేదీ వదులు కాకూడదనే. సైకిలు షాపులో పనిచేసిన వాళ్ళకు ఇది కొత్త కాదు.

తరువాత్తరువాత ఏనుక్కున్నారంటే, నట్టు కొన ఏటవాలుగా ఉండి రిమ్ము గుంటలో సరిగ్గా కూర్చుని, తగినంత బిగువు ఉంటే మర ఏ పక్కదైనా వదులు కాదు. రెండు రకాల నట్లు పెట్టుకుంటే ఖర్చు, గందరగోళం. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ కూడా 1970 ప్రాంతంలో ఎడమ మర మానేసింది. కానీ మన దగ్గర ఆ కాలం బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. పంచరైతే తెలియని పిల్లగాడు ఎడమ చక్రం విప్పబోతాడు. రాకపోతే పైపు తొడుగుతాడు. ఇంకా రాకపోతే పైపు మీద ఎక్కి నిలబడతాడు. వాడు విప్పుతున్నానని అనుకుంటూ బిగిస్తున్నాడు. స్టడ్డు తెగుతుంది.

అప్పుడేం చేస్తాం, గుజిరీలో దొరికిన డ్రమ్మో స్టడ్డో తెచ్చి వేస్తాం. దాంతో ఒకే జీపులో ఎడమ ముందు చక్రం ఎడమ మర, ఎడమ వెనక చక్రం కుడి మర అవుతుంది. పాత జీపు కొన్నవాళ్ళు నాలుగు చక్రాలూ విడివిడిగా చూసుకోండి. ఎడమ మర స్టడ్డు కొన మీద ఇంగ్లీషు 'ఎల్' అక్షరం కొట్టి ఉంటుంది, లేదా నట్టు మూలల మీద చిన్న గాడి ఉంటుంది. తుప్పు పట్టుంటే వైరు బ్రష్షుతో రుద్దితే కనబడుతుంది.

ట్రాక్టర్లలో ఇంకో తిరకాసు. మద్రాసులో 1960లో టాఫే వచ్చింది, మాస్సీ ఫెర్గూసన్ వాళ్ళది. 1963లో మహీంద్రా వాళ్ళు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు మొదలుపెట్టారు. ఈ రెండూ అంగుళాల వంశం. 1971లో వచ్చిన హెచ్‌ఎంటీ జెటార్ చెకోస్లొవేకియా బండి, మిల్లీమీటర్ల వంశం. మన దేశం 1956లోనే మెట్రిక్ కొలతలకు చట్టం చేసింది గానీ, అంగుళాల బోల్టులు ఆ చట్టానికి జడిసి పారిపోలేదు! ఈనాటికీ మన టూల్ బాక్సులో రెండూ కలిసే పడి ఉంటాయి.

ప్రమాదం ఎక్కడంటే, అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని సన్న మర అంగుళానికి 20 చుట్లు, చుట్టు చుట్టుకూ 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు ఒక రకం సన్న మర 1.25. ఇంచుమించు సమానం కదా. అందుకని అరంగుళం నట్టు 12 స్టడ్డు మీద చక్కగా ఎక్కుతుంది, చేత్తో తిప్పితే ఇంకా సులువుగా పోతుంది. బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. కానీ మరలు అంచుల మీద మాత్రమే పట్టుకుని ఉంటాయి. బరువు పడితే గీరుకుని జారిపోతాయి. కాబట్టి నట్టు స్టడ్డు మీద అటూ ఇటూ లొడలొడమంటే అది ఆ స్టడ్డుది కాదు. పారేయండి, ఇంకో దానికి పనికొస్తుందని ఆ డబ్బాలోనే వేయొద్దు.

ఎంత బిగించాలి అనే లెక్క కూడా చాలా పాతదేం కాదు. న్యూయార్కు నీటి శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ పైపుల బోల్టులు ఎక్కువ బిగించి తెంపేస్తున్నారని, బిగువు కొలిచే పానా చేశాడు. 1930ల్లో దానికి పేటెంటు వచ్చింది. మన దగ్గర దాన్ని టార్క్ రెంచి అంటారు. అది లేకపోయినా లెక్క తెలిస్తే చాలు. అడుగు పానా చివర పది కిలోల బలం పెడితే దాదాపు 30 న్యూటన్ మీటర్లు. అరంగుళం స్టడ్డుకు కావలసింది సుమారు 100. అదే అరవై కిలోల మనిషి మూడడుగుల పైపు చివర ఎక్కి నిలబడితే 530 దగ్గర. అయిదింతలు! స్టడ్డు సాగి, మళ్ళీ వెనక్కి రాకుండా పోతుంది. ఎంత తొక్కితే అంత భద్రం అనేది మొండితనం. పెద్ద ట్రాక్టరు వెనక చక్రాల లెక్క వేరు, ఎక్కువే కావాలి. మీ బండి పుస్తకంలో ఉంటుంది, చూసుకోండి.

ఇంకో సంగతి. మనం పెట్టే బలంలో పదో వంతే స్టడ్డును సాగదీస్తుంది. మిగతాదంతా నట్టు కింద, మర లోపల ఒరిపిడికే పోతుంది. అందుకే కందెన అలవాటు కొద్దీ స్టడ్డుకు గ్రీసు పూస్తే లెక్క తప్పుతుంది. ఒరిపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు చాలా ఎక్కువ సాగుతుంది. మర శుభ్రంగా, పొడిగా ఉండాలి. రిమ్ము, డ్రమ్ము కలిసే చోట మట్టి, తుప్పు పొక్కులు, మందంగా వేసిన కొత్త రంగు ఉండకూడదు. పది కిలోమీటర్లు పోయేసరికి ఆ రంగు నలిగి బిగువు పోతుంది. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించండి. ఏటవాలు కొన రిమ్ము వైపే ఉండాలి. ఒకదాని తరువాత పక్కదాన్ని కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. చివరి బిగువు జాకీ దించిన తరువాత. యాభై కిలోమీటర్లు తిరిగాకనో, ట్రాక్టరైతే మొదటి గంట రెండు గంటల పనయ్యాకనో మళ్ళీ పానా వేసి చూడండి. సాళ్ళ దూరానికి తగ్గట్టు వెనక చక్రాల వెడల్పు మార్చుకునేవాళ్ళు రిమ్ముకూ ప్లేటుకూ మధ్య బోల్టుల్ని కూడా ఇట్లనే చూడాలి. వాటిని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇంతా చెప్పాక ఒక మినహాయింపు. ముందు చక్రం నడిబొడ్డులో మూత తీస్తే ఒక పెద్ద నట్టు, దానికి అడ్డంగా ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. అది బేరింగు నట్టు. దాన్ని చక్రం తిప్పుతూ బిగించి, తరువాత కొంచెం వెనక్కి వదిలి పిన్ను పెట్టాలి. గట్టిగా బిగిస్తే బేరింగు కాలుతుంది. ఆలోచిస్తే ఆ పిన్ను మన తాతల బండి చీలే, దాని పద్ధతీ అదే. గట్టిగా బిగించాల్సిన నట్లు దాని చుట్టూ ఉన్న అయిదారు. వదలాల్సింది మధ్యలో ఉన్న ఒక్కటి. ఆ పిన్ను మాత్రం పాతది తిరిగి వాడొద్దు. ఒకసారి వంచి తీసిన పిన్ను మళ్ళీ వంచితే విరుగుతుంది. కొత్తది రెండు మూడు రూపాయల పని.

మీ జీపు ఎడమ చక్రాలు చూశాక ఏ మర ఉందో నాకు చెప్పండి.