చెత్త నుంచి చమురు: ఒక పాత చరిత్ర

మా వ్యాసర్పాడికి మనలి, కొడుంగైయూర్ రెండూ దగ్గరే. మనలిలో ముడిచమురు శుద్ధి చేసే కర్మాగారం 1969లో మొదలైంది. కొడుంగైయూర్‌లో నగరం చెత్త పోసే పెద్ద కుప్ప ఉంది. ప్లాస్టిక్ ఎక్కువగా పుట్టేది చమురులోంచే. మనం వాడి పారేశాక చేరేది ఆ కుప్పకే. మరి దాన్ని మళ్ళీ చమురుగా మార్చలేమా?

మార్చవచ్చు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1860లోనే ఇంగ్లాండు శాస్త్రవేత్త గ్రెవిల్ విలియమ్స్ రబ్బరును బాగా వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లార్చి, ఐసోప్రీన్ అనే ద్రవాన్ని తీశాడు. మనం వాడే కవర్ల పాలిథీన్ పుట్టింది 1933లో. అంటే కవరు కంటే ఈ పద్ధతే 73 ఏళ్ళు పెద్దది!

ప్లాస్టిక్ అణువులు పొడుగాటి దండలాంటివి. గాలి తగలకుండా మూసి సుమారు 400 నుంచి 500 డిగ్రీల వేడి పెడితే దండ తెగి చిన్న ముక్కలవుతుంది. ఆ ఆవిరి చల్లబడితే నూనె వస్తుంది. 2019 ఆగస్టులో డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థలో రోజుకు 1 టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిల్ తీసే ప్లాంటును ప్రారంభించారు.

అయితే ఇందులో ప్రమాదం కూడా ఉంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి రబ్బరును గట్టిపరిచాడు. ఇప్పటికీ టైర్లలో గంధకం ఉంటుంది. టైరును కరిగిస్తే అది నూనెలోకీ పొగలోకీ వస్తుంది. పీవీసీ పైపు ముక్కలు కలిస్తే ఘాటైన ఆమ్లం పుడుతుంది. నూనె తీయడానికి విదేశాల పాత టైర్లు తెప్పించుకోకూడదని 2022లో మన ప్రభుత్వం నిషేధించింది.

కాబట్టి యంత్రం కంటే ముందు కావలసింది చెత్తను వేరుచేయడం. చెన్నైలో తరతరాలుగా పారిశుధ్య పని చేస్తున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా పిన్ని కూడా ఆ పనే చేస్తుంది. కవరును చేత్తో నలిపి, ఆ చప్పుడు విని అది ఏ రకమో చెప్పేస్తుంది. ఈ విద్య ఏ పుస్తకంలోనూ ఆమె చదవలేదు. రేపు మన దగ్గర ఇలాంటి ప్లాంటు పెడితే అలాంటి వాళ్ళకు చేతి తొడుగులు, మంచి జీతం, గౌరవం ముందు ఇవ్వాలని నా కోరిక.

అప్పటిదాకా మనం చేయగలిగేది ఒకటుంది. అన్నం మెతుకులు, కవర్లు ఒకే బుట్టలో వేయకండి. దాన్ని విడదీసేది ఎవరి చేతులో గుర్తుపెట్టుకోండి.