వెన్నుపాము గాయం తరువాత మళ్లీ కదలిక: నర్సుల పాత్ర

తాటిచెట్టుపై మోకు జారడం, కట్టడం మీది పరంజా విరగడం, రహదారిపై ద్విచక్ర వాహనం బోల్తాపడడం వంటి ప్రమాదాలు క్షణకాలంలో జరిగిపోతాయి. వాటిలో వెన్నుపాము దెబ్బతింటే ఆ ప్రభావం జీవితాంతం వెంటాడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 1.5 కోట్ల మందికి పైగా ప్రజలు వెన్నుపాము గాయాలతో జీవిస్తున్నారు. వీరు తిరిగి కదలిక సాధించడంలో శస్త్రవైద్యుని నైపుణ్యం, ఫిజియోథెరపిస్టు కృషి ఎంత ముఖ్యమో, రేయింబవళ్లు రోగి పక్కన ఉండే నర్సు సేవ కూడా అంతే ముఖ్యం.

గాయం స్వభావం

మెదడు నుంచి వెలువడే ఆదేశాలను శరీరానికి, శరీరం నుంచి వచ్చే స్పర్శ సంకేతాలను మెదడుకు చేరవేసేది వెన్నుపాము. మెడ భాగంలో గాయమైతే కాళ్లతోపాటు చేతులు కూడా చచ్చుబడవచ్చు. ఛాతీ లేదా నడుము భాగంలో గాయమైతే ప్రధానంగా కాళ్లు పట్టు కోల్పోతాయి. కదలికతోపాటు స్పర్శజ్ఞానం, మలమూత్రాలపై అదుపు, రక్తపోటు నియంత్రణ కూడా దెబ్బతింటాయి. గాయం అసంపూర్ణమైతే కొంత శక్తి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. సంపూర్ణమైతే నడక తిరిగి రావడం అరుదు. అయినా చక్రాల కుర్చీలో స్వేచ్ఛగా తిరగడం, మంచం మీద నుంచి కుర్చీలోకి స్వయంగా మారడం కూడా కదలికే.

చరిత్ర నేర్పిన పాఠం

ఒకప్పుడు ఈ గాయాల పాలైన వారిలో అత్యధికులు కొద్దికాలానికే మరణించేవారు. అందుకు ముఖ్య కారణాలు పడక పుండ్లు, మూత్ర వ్యవస్థకు సోకే ఇన్‌ఫెక్షన్లు. నాజీ జర్మనీ నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించి ఈ పరిస్థితిని మార్చారు. రోగిని ప్రతి రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలన్నది ఆయన పెట్టిన నియమాలలో ముఖ్యమైనది. రాత్రి, పగలు ఆ నియమాన్ని అమలు చేసిన వారిలో నర్సులు ముందున్నారు. 1948లో ఆయన అదే ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీ క్రీడాకారులకు నిర్వహించిన పోటీలే తరువాత పారాలింపిక్స్‌కు నాంది పలికాయి.

మంచం దగ్గరే మొదలు

తొలి రోజులలో రోగిని కదిలించేటప్పుడు తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. అందుకే ముగ్గురు నలుగురు సిబ్బంది కలిసి దుంగను దొర్లించినట్లు శరీరమంతటినీ ఒకేసారి తిప్పుతారు. తల వద్ద ఉన్నవారి మాట ప్రకారమే మిగిలినవారు కదులుతారు.

స్పర్శ లేని చోట ఒత్తిడి పడినా రోగికి తెలియదు. అందువల్ల నడుము దిగువ ఎముక, తుంటి, పిరుదులు, మడమల వద్ద చర్మం ఎర్రబారిందా, కమిలిందా అని నర్సు ప్రతిరోజూ పరిశీలిస్తుంది. ఒక లోతైన పుండు పడితే రోగి కూర్చోలేడు, వ్యాయామం చేయలేడు. కోలుకోవడం నెలల తరబడి వాయిదా పడుతుంది.

కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ చేతులను, కాళ్లను నెమ్మదిగా వంచి చాపడం, పాదం కిందికి వాలిపోకుండా ఆధారం అమర్చడం, కాళ్లలో రక్తం గడ్డకట్టే సూచనలను గమనించడం, శ్వాస, కఫం విషయంలో జాగ్రత్త వహించడం కూడా ఈ సేవలో భాగమే.

మూత్రాశయం, రక్తపోటు

పరిస్థితి స్థిరపడిన తరువాత చాలామందికి నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసుకునే పద్ధతి నేర్పుతారు. మలవిసర్జనకు కూడా నియమిత వేళను అలవాటు చేస్తారు. బట్టలు తడుస్తాయనే భయం తొలగినప్పుడే మనిషి ధైర్యంగా గడప దాటగలడు.

ఛాతీ భాగపు ఆరో ఖండం వద్ద లేదా అంతకంటే పైన గాయమైన వారికి మరొక ముప్పు ఉంది. మూత్రాశయం నిండినా, గొట్టం మూసుకుపోయినా రక్తపోటు ఒక్కసారిగా పెరిగి తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు కనిపించవచ్చు. అప్పుడు రోగిని వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు దుస్తులు సడలించి, కారణాన్ని వెతికి తొలగించాలి. వైద్యునికి తక్షణం తెలియజేయాలి.

పడక నుంచి చక్రాల కుర్చీకి

చాలాకాలం పడుకున్న రోగిని ఒక్కసారిగా లేపితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. నర్సు మంచం తలభాగాన్ని రోజురోజుకు కొంచెం కొంచెం ఎత్తుతూ, పొట్టకు పట్టీ, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసి శరీరాన్ని కూర్చోవడానికి సిద్ధం చేస్తుంది. ఫిజియోథెరపిస్టు గంటసేపు నేర్పినదాన్ని మిగిలిన రోజంతా సాధన చేయించేది కూడా ఆమే. స్నానం, దుస్తులు ధరించడం, భోజనం వంటి ప్రతి పనిలోనూ రోగి స్వయంగా చేయగలిగినంత చేయనిచ్చి, మిగిలినదానికే చేయందించడం ఇందులో మెళకువ. కుర్చీలో ఉన్నప్పుడు తరచుగా ముందుకు వంగి లేదా పక్కకు ఒరిగి ఒత్తిడి తగ్గించుకోవడం కూడా నేర్పుతుంది.

మన ప్రాంతపు అనుభవం

దక్షిణాసియాలో ఈ సేవకు గట్టి పునాదులే ఉన్నాయి. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ఆమె మార్గదర్శి. బంగ్లాదేశ్‌లో ఫిజియోథెరపిస్టు వాలరీ టేలర్ 1979లో పక్షవాత రోగుల పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. 2015 భూకంపంలో గాయపడిన అనేకమందికి నేపాల్‌లోని సాంగా కేంద్రం ఆశ్రయమిచ్చింది.

అయితే మన దేశంలో చాలామంది రోగులు ఆసుపత్రి నుంచి నేరుగా పల్లెకే చేరుతారు. అక్కడ భార్యో, తల్లో, అన్నదమ్ములో నర్సు బాధ్యతలను చేపట్టవలసి వస్తుంది. కాబట్టి రోగిని పంపించే ముందు కుటుంబ సభ్యులచేత పక్కకు తిప్పించడం, చర్మం పరీక్షింపజేయడం, గొట్టం వాడకం స్వయంగా చేయించి చూడడం అత్యవసరం. కాగితంపై రాసి ఇచ్చిన సూచనలకంటే చేతికి అలవాటైన పనే రోగిని కాపాడుతుంది.

ప్రమాదం జరిగిన చోట ఉన్నవారికీ ఒక బాధ్యత ఉంది. ఎత్తు నుంచి పడిన వ్యక్తిని పట్టుకుని కూర్చోబెట్టకూడదు, భుజాలపై మోయకూడదు. మెడను, వెన్నును కదలనీయకుండా 108కు సమాచారమిచ్చి, గట్టి బల్లపై తరలించాలి. ఆ కొద్ది నిమిషాల జాగ్రత్త ఆపై నర్సులు నెలల తరబడి చేసే సేవకు పునాది అవుతుంది.