ప్రత్తిచేని బిడ్డ: ఆల్తియా గిబ్సను



చరిత్ర యనగా రాజుల చరిత్రయే యని కొందఱు తలంతురు. ఆటస్థలములలో సయితము చరిత్ర నడచునని నా యభిప్రాయము. అందుకు నిదర్శనముగా అమెరికాదేశపు టెన్నిసు క్రీడాకారిణి ఆల్తియా గిబ్సను చరిత్రమును నేడు మీకు విన్నవించెదను. టెన్నిసనగా నడుమ వల గట్టి, తంతులల్లిన రాకెట్టుతో బంతిని ఇరువైపులనుండి కొట్టుచు నాడెడి యాట. చూచుటకు సులభమే, కాని కోరినవారి కెల్లరకును ఆ స్థలమున కాలిడు నధికారము ఆ కాలమున లేదు. ఈ కథకు మూలమదియే.

ఆమె 1927వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున సిల్వరు అను పల్లెలో జన్మించెను. తలిదండ్రులు నల్లజాతివారు, పరుల భూమిని పాలికి తీసికొని ప్రత్తి పండించెడివారు. పంట చెడినయేడు పాలికాపు గతి యేమగునో మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఆ కుటుంబము బ్రతుకుతెరువు వెదకికొనుచు న్యూయార్కు నగరమందలి హార్లెము పేటకు చేరెను. వారి వీధిలో పగటివేళ బండ్ల రాకపోకల నాపి పిల్లల యాటలకు విడిచెడివారు. అచ్చటనే ఆల్తియా చెక్కబ్యాటుతో బంతికొట్ట నేర్చి, 1939లో, పండ్రెండేండ్ల ప్రాయమున, ఆ చిన్నయాటలో నగరపు స్త్రీలందఱిలో మేటి యనిపించుకొనెను. ఇరుగుపొరుగువారు చందాలు వేసికొని ఆమెను నల్లజాతివారి టెన్నిసు క్లబ్బున చేర్పించిరి. పిదప ఈటను, జాన్సను అను ఇరువురు నల్లజాతి వైద్యులు ఆమెను చేరదీసిరి. బడికాలమున ఒకరి యింటను, వేసవిలో మఱియొకరి యింటను ఉండి, ఆమె చదువును ఆటను గూడ నేర్చుకొనెను.

1947 మొదలు పదేండ్లు వరుసగా నల్లజాతివారి జాతీయ పోటీలలో ఆమెయే గెలిచెను. అయినను ఫారెస్టు హిల్సున జరుగు దేశపు పెద్దపోటీకి పిలుపు రాలేదు. పెద్ద క్లబ్బులలో ఆడి నెగ్గినవారికే పిలుపట! ఆ క్లబ్బులవారో నల్లవారిని గడప తొక్కనీయరు. మనయూళ్లలో కొందఱిని బావిదరికి రానీయక, పిదప వారికి శుభ్రత లేదని నిందించిన న్యాయమును ఇట్టిదే కదా!

1950 జూలైలో ఆలిసు మార్బులు అను పూర్వపు విజేత ఒక టెన్నిసు పత్రికలో ఈ యన్యాయమును ఖండించెను. ఆమె తెల్లజాతి స్త్రీ, నిలదీసినది తనవారినే. ఆల్తియా గెలుపోటములు ఆటస్థలమున తేలవలెను గాని వాకిటనే యాపరాదని ఆమె వాదము. మఱుసటినెలలోనే తలుపు తెఱచిరి. రెండవ పోటీలో ఆల్తియాకు ఎదురుపడినది వింబుల్డను విజేత లూయీజు బ్రఫు. చివరి భాగమున ఆల్తియా ఏడింటికి ఆఱుగా ముందున్న సమయమున పెద్ద గాలివాన వచ్చి ఆట ఆగిపోయెను. మైదానపు గోడపైనున్న రాతిగ్రద్ద పిడుగుపాటున కూలెను. మఱునాడు బ్రఫే గెలిచెను. ఆల్తియా ఓడినను, తెఱచిన తలుపు మరల మూయబడలేదు.

1955-56లో అమెరికా ప్రభుత్వము ఆసియాకు పంపిన సద్భావబృందముతో ఆమె మన భారతదేశమునకును వచ్చి యాడెను. 1956లో ఫ్రాన్సుదేశపు పోటీలో గెలిచి, ప్రపంచపు నాలుగు మహాపోటీలలో ఒకదానిని గెలుచుకొన్న మొదటి నల్లజాతి క్రీడాకారిణి యయ్యెను. 1957 జూలై 6వ తేదీని వింబుల్డనున గెలిచి, ఎలిజబెత్తు రాణి చేతులమీదుగా బహుమానమందుకొనెను. న్యూయార్కు పురవీధులలో ఊరేగింపు జరిగెను. ఆ సంవత్సరమే ఫారెస్టు హిల్సున అంతిమపోటీలో ఆ లూయీజు బ్రఫునే యోడించెను. 1958లో ఈ రెండు బిరుదులను మరల నిలుపుకొనెను. జంటపోటీలతో కలిపి ఆమె గెలిచిన మహాబిరుదులు 11.

కాని ఆ కాలమున ఈ పోటీలలో విజేతలకు ధనమీయరాదను నియమముండెను. వెండిగిన్నెలు వచ్చెను గాని కూడు రాలేదు. అందువలన 1958లో ఆమె ఆ పోటీలను విడిచెను. బంతిని బుట్టలో వేయు బాస్కెట్టుబాలు ఆటగాండ్ర బృందమువెంట తిరిగి ప్రదర్శనలిచ్చెను. 1964లో వృత్తిగా గోల్ఫు ఆడు స్త్రీల సంఘమున చేరిన మొదటి నల్లజాతి స్త్రీయు ఆమెయే. ముసలితనమున రోగము, దారిద్ర్యము రెండును చుట్టుకొనగా, 1956లో ఆమెతో జతగా వింబుల్డను గెలిచిన ఆంజెలా బక్స్టను అను యూదజాతి ఆంగ్లవనిత లోకమునకు చాటి ధనసహాయము చేయించెను. 2003 సెప్టెంబరు 28వ తేదీని ఆల్తియా మరణించెను.

ఆమె వేసిన బాట నిలిచినది. ఆ జాన్సను వైద్యునియొద్దనే నేర్చిన ఆర్థరు ఆషు 1968లో అమెరికా బిరుదును, 1975లో వింబుల్డనును గెలిచెను. ఆల్తియా తరువాత వింబుల్డను గెలిచిన అమెరికా నల్లజాతి స్త్రీ వీనసు విలియమ్సు. అది 2000వ సంవత్సరమున. 2019లో అమెరికా పోటీలు జరుగు మైదానమున ఆల్తియాకు శిలావిగ్రహము నెలకొల్పిరి.

విగ్రహము పెట్టుట మంచిదే. కాని నా మనస్సున నిలిచినది విగ్రహము కాదు. చందా వేసికొన్న హార్లెము పేదలు, ఇంట నన్నము పెట్టిన వైద్యులు, తనవారినే నిలదీసిన మార్బులు, ఆపదలో మఱువని బక్స్టను. వీరిలో ఏ యొకరు లేకున్నను ఆల్తియా చరిత్ర వేఱుగా నుండెడిది. మీ గ్రామములలోను నేర్పుగల బిడ్డలుందురు. వారిని వాకిట నాపక లోనికి పిలుచుట, గెలిచినపిదప మఱవకుండుట పెద్దల ధర్మమని మనవిచేసి సెలవు గైకొనుచున్నాను.