చిన్న కొలతల్లో కోటలు, యుద్ధ వాహనాలు

జగిత్యాల కోటను నేల మీద నిలబడి చూసేవారికి ఎత్తయిన గోడలు, బురుజుల మీది ఫిరంగులు, చుట్టూ కందకం కనిపిస్తాయే తప్ప, ఆ కోటకు ప్రత్యేకతను తెచ్చిన నక్షత్రాకారం కనిపించదు. 1747 ప్రాంతంలో నిర్మల్ పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా దీన్ని కట్టించాడనీ, జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మాణాన్ని నడిపించారనీ స్థానికంగా చెబుతారు. గుండ్రని బురుజు అడుగున శత్రువు దాక్కుంటే పైనున్న ఫిరంగికి అందడు. గోడను కోణాలుగా ముందుకు పొడుచుకొచ్చేలా కడితే ఒక కోణం నుంచి పక్క కోణం పాదం దాకా కాల్పులు జరపవచ్చు. ఫిరంగుల యుగంలో ఐరోపాలో వ్యాపించిన ఈ పద్ధతిని పై నుంచి చూస్తే గానీ గ్రహించలేం.

విమానాలు లేని కాలంలో ఆ పై చూపును ఫ్రాన్సు నమూనాల ద్వారా సాధించింది. 14వ లూయీ యుద్ధ మంత్రి లువ్వా 1668లో డంకిర్క్‌తో మొదలుపెట్టి సరిహద్దు కోటలన్నిటికీ నమూనాలు చేయించడానికి పూనుకున్నాడు. కొలత 600కు 1 వంతు, అంటే 300 మీటర్ల కోట అర మీటరు బల్ల మీద ఇమిడిపోతుంది. చెక్క పీఠం మీద కాగితంతో ఇళ్లు, ఇసుకతో నేల, పట్టుతో చెట్లు అమర్చిన ఈ నమూనాలు వేడుక వస్తువులు కావు. ముట్టడి ఎటు నుంచి వస్తుందో, ఏ గోడను బలపరచాలో రాజు, సేనానులు వాటిని చూసే చర్చించేవారు. 1777లో పారిస్‌లోని ఇన్వాలీద్ భవనానికి చేరిన ఆ సేకరణలో మిగిలినవాటిలో చాలావరకు నేటికీ అక్కడే ఉన్నాయి.

ఇబ్రహీం ఖాన్ పాలనా కేంద్రమైన నిర్మల్‌లో ఫిరంగులు, బొమ్మలు రెండూ తయారయ్యేవన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన విషయం. నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోసిన కొలుములున్న ఊళ్లోనే, నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులద్ది బొమ్మలు చేశారు. విడి భాగాలుగా చెక్కి తర్వాత అతకడమనే ఈ పద్ధతి మీదే నేటి నమూనా పరిశ్రమ కూడా నడుస్తోంది.

ఆ పరిశ్రమలో యుద్ధ వాహనాలకు ఎక్కువగా వాడే కొలత 35కు 1 వంతు. దీనికి పునాది 1960ల మొదట్లో జపాన్ సంస్థ తమియా తెచ్చిన పాంథర్ ట్యాంకు; లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలన్న అవసరమే ఆ పరిమాణాన్ని నిర్ణయించింది. వాహనాన్ని మనుషులు, గోడలు, నేలతో కలిపి ఒక దృశ్యంగా కూర్చితే దాన్ని డయోరామా అంటారు. ఆ దృశ్యానికి కావలసిన చిల్లర సామగ్రిని, అంటే సైనికుల మూటలు, పెట్టెలు, పలుగు పారలు, టార్పాలిన్ చుట్టలను, రెసిన్ అనే గట్టిపడే జిగురుతో పోతపోసి గానీ, పలుచని ఇత్తడి రేకును ఆమ్లంతో కొరికించి గానీ విడిగా తయారు చేసి అమ్ముతారు. వీటినే యాక్సెసరీ కిట్లంటారు.

ఒక దృశ్యం ఏ కాలానిదో, ఏ సైన్యానిదో చెప్పేది ట్యాంకు కన్నా ఈ చిల్లర సామగ్రే. జెర్రీకాన్ అనే ఇంధనపు డబ్బానే తీసుకుంటే, జర్మన్లు 1937లో రూపొందించిన ఈ 20 లీటర్ల డబ్బాకు పైన మూడు పిడులుంటాయి. నిండు డబ్బాను ఇద్దరు చెరో పిడి పట్టి మోయవచ్చు, ఖాళీ డబ్బాలైతే ఒకడే రెండింటిని ఒక చేత్తో పట్టుకోవచ్చు. బ్రిటిష్ సైన్యం మొదట వాడిన పలుచని రేకు డబ్బాలు సులువుగా చిల్లులు పడి కారిపోయేవి గనుక, తర్వాత జర్మన్ డబ్బానే అనుకరించింది. 35వ వంతు కొలతలో 13 మిల్లీమీటర్లకు కాస్త మించే ఈ వస్తువుకు మూడు పిడులూ కనిపించాలి. 1939 నాటి బ్రిటిష్ లారీ పక్కన దాన్ని పెడితే దృశ్యం మొత్తం అబద్ధమవుతుంది.

తెలంగాణలోనే తయారైన వాహనానికీ ఈ శ్రద్ధ దక్కాలి. 1984లో ఎద్దుమైలారంలో నెలకొల్పిన మెదక్ ఆయుధ కర్మాగారం సోవియట్ పదాతిదళ యుద్ధ వాహనమైన బీఎంపీ-2ను ‘శరత్’ పేరుతో తయారు చేస్తూ వచ్చింది. రష్యా సంస్థ జ్వెజ్దా, చైనా సంస్థ ట్రంపెటర్ తెచ్చిన బీఎంపీ-2 కిట్లతో 19 సెంటీమీటర్ల శరత్‌ను కూర్చవచ్చు. దాన్ని భారత సైన్యపు బండిగా నిలబెట్టే గుర్తులు, సరంజామా మాత్రం విడిగా సమకూర్చుకోవాలి. ఇందులో బట్టదే పెద్ద చిక్కు. మామూలు నేత ఈ కొలతలో గోనె పట్టాలా మోటుగా కనిపిస్తుంది గనుక, పలుచని టిష్యూ కాగితాన్ని జిగురులో తడిపి టార్పాలిన్‌గా మడుస్తారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరుపొందిన నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్‌లది సిరిసిల్ల; అంత సన్నని నేత వచ్చిన ఊరికి ఈ కొలతకు తగిన బట్ట నేయడం అందని పని కాదు.

జగిత్యాల కోటకు రెండు నమూనాలు అవసరం. కోణాల లెక్క తెలియడానికి మొత్తం కోటను ఫ్రెంచి పద్ధతిలో 600వ వంతుకు చేయాలి. ఒక్క బురుజును మాత్రం 35వ వంతుకు పెంచి, ఫిరంగి, దాని బండి, మందును గొట్టంలోకి దట్టించే కర్ర, గుండ్ల కుప్ప, గోలందాజులనే ఫిరంగి సిపాయిలతో సహా పొనికి కర్రలో చెక్కించాలి. కోట బడి పిల్లలకు అర్థం కావాలంటే ఈ నమూనాలను ప్రధాన ద్వారం దగ్గరే, లోపలికి అడుగుపెట్టే ముందే వారికి చూపాలి.